వంకర తీసిన పాట

తూర్పు కెంటకీ కొండల్లో, లాస్ట్ మేర్ వాగు వెంబడి కాపురాలున్నవాళ్లకి పాటలు రెండే రకాలు. దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ పడుతూ పోయేది తిన్నని పాట. మధ్యలో ఎక్కడో ఒక దెబ్బ ఎక్కువుండి, కొత్తవాడు గిటారు పట్టుకుని వెంట వస్తే బోర్లా పడేది వంకర పాట. అక్కడ వంకర అనేది తిట్టు కాదు. "ఆడి పాట బలే వంకరరా" అన్నారంటే నెత్తిన పెట్టుకున్నట్టే. ఆ వాగు మొత్తం మీద హార్లిస్ స్లోన్ పాటంత వంకర పాట ఇంకోటి లేదని పేరు. వయసు మీద పడేకొద్దీ ఆ వంకర ఇంకా పెరుగుతోందని, అది పనితనమని, పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ జనం చెప్పుకునేవారు. ఆయన కూతురు జునేల్ ఆ మాట విన్నప్పుడల్లా తానే పాడినంత మురిసిపోయేది.

హార్లిస్ బొగ్గు గనిలో పనిచేసిన మనిషి. ఆదివారాలు చర్చిలో పాట అందించేవాడు. వాళ్ల చర్చిలో పియానో లేదు, గిటారు గుమ్మం తొక్కనివ్వరు. ఒకరు లేచి చరణం గబగబా అందిస్తే, మిగతావాళ్లంతా దాన్ని సాగదీసి సాగదీసి పాడతారు. అందించేవాడికి గొంతుకన్నా ముందు గుండెనిండా ఊపిరుండాలి. హార్లిస్ ఊపిరితిత్తుల్లో గని దుమ్ము పేరుకుపోయింది. ముందు గని మానేశాడు. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. కొన్నాళ్లకి చర్చిలో పాట అందించడం కూడా మానాల్సి వచ్చింది. ఆ ఆదివారం ఇంటికొచ్చి, మజ్జిగలో నలుపుకున్న మొక్కజొన్న రొట్టె ముట్టకుండా పక్కకి జరిపేసి, గోడకేసి తిరిగి పడుకున్నాడు.

ఇంటి వసారాలో పాడుకోవడం మాత్రం మానలేదు. పెళ్లాం పోయి చాలా కాలమైంది. కొడుకు గనికి పోతాడు, కోడలు ఓవా ఇల్లు చూసుకుంటుంది. సాయంత్రం పూట జునేల్ గిటారు పట్టుకుని మెట్టు మీద కూచుంటే, తండ్రి కుర్చీలో వెనక్కి వాలి గొంతు కలిపేవాడు. వరసలు ఆయనవి. మాటలు చాలావరకు ఆమెవి. ఎవరు ఎక్కడ ఆగుతారో ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవాల్సిన పనే పడలేదు.

జునేల్ మొదటి రికార్డు హజార్డ్ ఊళ్లో ఒక రేడియో స్టేషను వెనక గదిలో, ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. అన్నీ వంకర పాటలే. చర్చిలో వెనక బెంచీకి వినబడాలన్నట్టు గొంతెత్తి పాడింది. అది పెద్దగా అమ్ముడుపోలేదు. చుట్టాలు కొన్నారు, చుట్టాలు కానివాళ్లు మొహమాటానికి కొన్నారు. ఎలా చేరిందో గానీ ఒకటి నాష్‌విల్‌లో వెన్‌డెల్ ప్రూయిట్ చేతికి చిక్కింది. ఆయన రికార్డులు తయారుచేయించే మనిషి. కబురు పెట్టాడు. రెండో రికార్డు నాష్‌విల్‌లో, పెద్ద కంపెనీ తరఫున.

బయల్దేరే రోజు పొద్దున తండ్రి కాఫీ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు.

"నేను లేకపోతే ఎవరితో పాడతావు నాన్నా?" అంది జునేల్.

"నీ రికార్డుతోటే పాడుకుంటా. ఇంకెవరితో పాడతా, కోళ్లతోనా?"

"ఉందిగా ఒకటి. దాంతో ఎప్పుడూ పాడవే?"

"అందులో నువ్వు అరస్తా ఉండావే తల్లీ. నా గొంతు నాకే ఇనపడదు." ఆగాడు. మళ్లీ అన్నాడు. "ఈసారి కాస్త సన్నంగా పాడు. ఆ కొండలోపలి పాట ఉంది సూడు, మనం గని మీద కట్టింది, అది పెట్టు. అందులో నాక్కాస్త సోటుంచు."

ఓవా వంటింట్లోంచి, "ఈయనకి చోటుంచితే ఇంక నీకేం మిగల్దు జునేలూ, రికార్డంతా ఈయనే ఆక్రమించుకుంటాడు!" అని అరిచింది. హార్లిస్ నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గేదాకా బస్సుకి టైమవుతోందన్న మాట ఎవరూ ఎత్తలేదు. చోటుంచుతానని జునేల్ మాటిచ్చింది.

నాష్‌విల్‌లో ఆమెకి మొదట నేర్పింది అరవకపోవడం. వెన్‌డెల్ ఆమెని మైకుకి బాగా దగ్గరగా నిలబెట్టి, "ఊరందరికీ చెప్పకమ్మా. పక్కన కూచున్నవాడి చెవిలో చెప్పు చాలు" అన్నాడు. చెప్పి చూసింది. తన గొంతు అడుగున ఇంకో గొంతుందని ఆమెకి అప్పుడే తెలిసింది. అది కొంచెం బొంగురుగా, అలసిపోయినట్టు, నిజం చెబుతున్నట్టు ఉంది. డ్రమ్ము మీద కర్రలకి బదులు కుంచెల్లాంటివి పెట్టి మెత్తగా రాస్తుంటే పాట కింద నేల పరిచినట్టయింది. స్టీలు గిటారాయన ఆమె మాట ముగిసేచోట ఒక స్వరం ఎత్తుకుని దూరంగా లాక్కుపోయేవాడు. మొదటిసారి అది విన్నప్పుడు జునేల్ తర్వాతి చరణం పాడటం మర్చిపోయి నోరు తెరుచుకుని నిలబడింది. వాద్యకారులంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అంత సంతోషంగా ఆమె ఎన్నడూ లేదు, ఆ మాట దాచడమెందుకు?

ఒక్కో పాటకీ కొంచెం కొంచెంగా వంకర పోతోంది. ఎవరూ బలవంతపెట్టలేదు. "ఇక్కడ ఇలా అనుకుందామా?" అనేవారు. ఆమె ఊఁ అనేది. విన్నప్పుడు బాగానే ఉండేది. ఆ తర్వాత పాటకి ఊఁ అనడం ఇంకా తేలికయ్యేది. అలా చివరికి కొండలోపలి పాట దగ్గరికి వచ్చారు.

అక్కడి వాద్యకారులు పాటని స్వరాలకి బదులు అంకెల్లో రాసుకుంటారు. పియానో వాయించే హోయ్ట్ బ్రాషియర్ వాళ్లకి పెద్ద. ఆమె ఒకసారి పాడితే విని, కాగితం మీద గబగబా అంకెలు గీకేసి అందరికీ పంచుతాడు. వాళ్లు ఆ పాటని పుట్టినప్పటినుంచీ తెలిసినట్టు వాయించేస్తారు. ఆ రోజు ఆయన గీకాడు, కొట్టేశాడు, మళ్లీ గీకాడు. ఆమె పాడింది.

"కొండలోపల పొద్దెరగడు మా నాయన,
ఇంటిముందర దీపమెట్టి కూసున్నా..."

మొదటి చరణం చివరే డ్రమ్ము ఒక దారి, పియానో ఒక దారి అయ్యాయి. మళ్లీ మొదలెట్టారు. మళ్లీ అక్కడే పడ్డారు.

"అమ్మాయ్, దెబ్బలు లెక్కపెడితే మీ కొండల్లో నాలుగు తర్వాత ఎంత?" అన్నాడు హోయ్ట్.

"అయిదే కదండీ?"

"అదీ సంగతి! మా ఊళ్లో నాలుగు తర్వాత మళ్లీ ఒకటి."

గదంతా ఘొల్లుమంది. హోయ్ట్ చెడ్డవాడేం కాదు. నవ్వు తగ్గాక మెల్లగా అడిగాడు. "ప్రతి చరణం చివరా ఏదో చేస్తున్నావు. ఏంటది?"

"ఆగుతున్నానండీ."

"దేనికి?"

"ఏమో. పాటే అంత. వంకర పాట."

"పుట్టుకతో వంకరా, పెంపకంలో వచ్చిందా?" అన్నాడు డ్రమ్ముల మనిషి. మళ్లీ నవ్వులు. వంకర అన్న మాటని నవ్వులాటకి వాడగా జునేల్ వినడం అదే మొదలు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. రెండు నిమిషాల్లో వస్తానని చెప్పి నడవాలో ఉన్న టెలిఫోను దగ్గరికి పోయి ఇంటికి ఫోను చేసింది. ఆ ఆగడం ఏ పాతకాలపు పద్ధతో, ఏ తాత నేర్పాడో తండ్రినడిగి, ఆ మాట తీసుకెళ్లి వీళ్ల మొహాన కొడదామని ఆమె పంతం.

ఓవా ఫోను హార్లిస్‌కిచ్చింది.

"నాన్నా, కొండలోపలి పాటలో చరణం చివర ఆగుతాం చూడు, అట్టా ఆగమని నీకెవరు నేర్పారు?"

"ఆగటమా? నేనేడ ఆగుతా అమ్మా?" అన్నాడు. ఆ తర్వాత నిశ్శబ్దం. "నేను మామూలుగానే... పాడతా గదా." నిశ్శబ్దం. "పనెట్టా ఉంది... బాగా సూసుకుంటన్నారా?"

ఇన్నేళ్లూ ఎదురుగా కూచుని విన్నప్పుడు ఆమె కళ్లకి మనిషి కనబడేవాడు. మొహం, నవ్వు, కుర్చీ చేతిమీద తాళం వేసే వేళ్లు. టెలిఫోనులో మనిషి లేడు. మాట, మాట తర్వాత ఈల వేసినట్టు లోపలికి పోయే గాలి, అంతే. గాలి ఎక్కడ లోపలికి పోతోందో అక్కడే పాట ఆగేది. మొదట్లో కొంచెమే, ఏడాదికేడాదీ ఇంకాస్త. ఊరంతా కూచుని మెచ్చుకున్న పనితనం అదన్నమాట. ఆమె తండ్రి ఊపిరాడక ఆగితే, పక్కనున్న తనూ ఆగింది, తాను ఆగుతున్నట్టు తనకే తెలియకుండా. వాగు వాగంతా దానికి వంకర అని ముద్దుపేరు పెట్టుకుంది.

"బాగానే చూసుకుంటున్నారు నాన్నా" అని ఫోను పెట్టేసింది. ఆయనకి ఆ సంగతి చెప్పలేదు. ఎలా చెబుతుంది?

గదిలోకి తిరిగొచ్చి, "అది మా నాన్న ఊపిరి తీసుకునే చోటు. ఆయన ఈ రికార్డుతో పాడుకుంటాడు. అది తియ్యడానికి వీల్లేదు" అంది. ఎవరూ నవ్వలేదు. డ్రమ్ముల మనిషి తల వంచుకుని తన వాయిద్యాన్ని అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయాడు. "ముందే చెబితే పోయేదిగా తల్లీ" అని హోయ్ట్ పాత కాగితం చింపి కొత్తది రాశాడు. వాళ్లు అది వాయించారు. పనిమంతులు, వాళ్లు తలుచుకుంటే ఏదైనా వాయిస్తారు. ప్రతి చరణం చివరా అందరూ ఒక్కసారిగా ఆగి, ఆ ఖాళీని దాటి, మళ్లీ ఒక్కసారిగా అడుగేశారు. జునేల్‌కి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు వెన్‌డెల్ ఆమెని పిలిచి కూచోబెట్టాడు. "ఈ పాట రేడియోలో వేస్తారు. హోటళ్లలో డబ్బులేస్తే పాడే జూక్‌బాక్సుల్లో పెట్టుకుని జంటలు నాట్యం చేస్తాయి. ప్రతి చరణానికీ వాళ్ల కాళ్లు తడబడతాయి. రెండోసారి పెట్టుకోరు. టేపు నకలొకటి తీయించి, దాని మీద ఆ ఆగినచోట్లు కోయించి చూస్తాను. నచ్చకపోతే పారేద్దాం. అసలుది అలాగే ఉంటుంది" అన్నాడు. మనిషి నిజాయితీగా మాట్లాడుతున్నాడు. చూడటంలో తప్పేముంది అనుకుందామె.

టేపు కోసే మనిషి బ్లేడు తీసుకుని ఒక్కో చరణం చివర చిన్న ముక్క కోసి, రెండు కొసలూ అతికించాడు. ముక్కలు నేల మీద పడుతున్నాయి. తర్వాత పాట పెట్టారు.

పాట బాగుంది. ఇదివరకు గుమ్మందాకా వచ్చి నిలబడిపోయే పాట ఇప్పుడు గుమ్మం దాటి దారిన పడింది. ఆమె కొత్త గొంతు, స్టీలు గిటారు, కుంచెల చప్పుడు, అన్నీ దేనికోసమూ ఆగకుండా కలిసి వెళ్లిపోతున్నాయి. మళ్లీ వెయ్యమంది. మూడోసారి కూడా వేయించుకుంది. ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. అవి తండ్రి కోసం వచ్చిన కన్నీళ్లని తర్వాత తనకు తాను చెప్పుకుంది గానీ, కాదు. పాట అంత బాగుండటంవల్ల వచ్చినవి.

"నీ ఇష్టం జునేల్. రికార్డు మీద పేరు నీది" అన్నాడు వెన్‌డెల్. పోనీ ఆయన్ని తిట్టుకుందామన్నా అవకాశం లేకుండా చేశాడు.

నాన్న పాటల మనిషి, మంచి పాట చేస్తే సంతోషిస్తాడు అనుకుంది. ఆగినా ఆగకపోయినా ఆయన ఎలాగో కలుపుకుంటాడులే అనుకుంది. ఇన్ని అనుకోవాల్సి వచ్చినప్పుడే తేడా ఉందని తెలియాలి. కానీ రేడియో స్టేషను వెనక గదికి మళ్లీ పోవాలని ఎవరికుంటుంది? ఎంత వెతుక్కుంటే దొరికిన గొంతది!

"ఇదే ఉంచండి" అంది.

రికార్డు బయటికొచ్చింది. జునేల్ స్లోన్‌కి తన గొంతు దొరికిందని పత్రికల్లో రాశారు. కొండలోపలి పాటే రేడియోలో ఎక్కువగా పలికింది. ఊరూరా తిరిగి పాడాల్సొచ్చింది. బళ్లో పడుకోవడం, దిగి పాడటం, మళ్లీ బండెక్కడం. ప్రతి ఊళ్లోనూ అదే పాట, వెనక వాద్యాలతో, ఎక్కడా ఆగకుండా. దారిలో ఫోను దొరికినచోటల్లా ఇంటికి మాట్లాడేది.

"ఇన్నావా నాన్నా?"

"ఇన్నా. శానా బాగుందమ్మా."

"దాంతో పాడుతున్నావా?"

"ఆఁ... పాడతన్నా... పాడక?"

ఆకులు రాలే కాలంలో ఇంటికొచ్చింది. మంచం పక్కన ప్రాణవాయువు సిలిండరు నిలబెట్టారు, ముక్కుకి గొట్టం తగిలించారు. మనిషి సగమయ్యాడు. కూతుర్ని చూసి మొహం విప్పారింది. ఆయన కళ్లు మూసుకున్నాక జునేల్ వంటింట్లోకి వచ్చింది. ఓవా ఎండు చిక్కుళ్లు కుండలో వేస్తోంది.

"రికార్డు కనబడదేం వదినా?"

ఓవా కుండలోకే చూస్తూ అంది. "అల్మారా పైన పెట్టించాడు. దుమ్ము పడకుండా గుడ్డ కూడా చుట్టించాడు."

"పెట్టుకోవట్లేదా?"

"మొదట్లో రోజూ పెట్టుకునేవాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, నీతో పాడబోయేవాడు. ఒక చరణం అయ్యేది. రెండోది ఎత్తుకోబోతే నువ్వు అప్పటికే ముందుకెళ్లిపోయేదానివి. అందుకుందామని చూసేవాడు, దగ్గొచ్చేది. 'నా బిడ్డ మంచి జోరు మీదుందే ఓవా' అని నవ్వేవాడు. ఒకరోజు పెదాలు నీలంగా అయిపోయినాయి. ఇంక నేనే వద్దన్నా." కుండ మీద మూత పెట్టింది. "నీకు చెప్పొద్దన్నాడు. చెప్పకుండా ఎట్టా ఉంటా జునేలూ?"

జునేల్ వెళ్లి మంచం పక్కన కూచుంది. ఆయన మెలకువగానే ఉన్నాడు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ దుప్పటి మీద పడుతోంది.

"రికార్డు పోతే పోయింది నాన్నా. మనమే పాడుకుందాం. ఇదివరకటి మాదిరి."

ఆయన తల ఊపాడు. ఆమె గిటారు తీసింది. ఆయన గొంతు ఉందా లేదా అన్నట్టుంది గానీ, వరస మాత్రం వరసే. ఇద్దరూ కలిసి మొదటి చరణం పాడారు. చివర ఆయన ఊపిరికి ఆగాడు. జునేల్ రెండో చరణంలో ఉంది.

"మళ్లీ, నాన్నా. నాదే తప్పు."

మళ్లీ మొదలెట్టారు. ఈసారి ఆగాలని గట్టిగా అనుకుంది. అనుకుంటూనే దాటిపోయింది. ఎన్ని ఊళ్లలో, ఎంతమంది ముందు పాడింది, నోరు తన పని తాను చేసుకుపోతోంది. తండ్రి వెనక ఉండిపోయి, నోరు తెరిచి గాలి కోసం చూస్తున్నాడు. మూడోసారి ఆమె ఆయన రొమ్ము మీదే కళ్లు పెట్టింది. అది ఎగిరితే ఆగాలి, దిగితే ఎత్తుకోవాలి. అలా పాడింది. అది పాటగా లేదు. రోడ్డు దాటించడానికి ముసలాయన చెయ్యి పట్టుకున్నట్టుంది.

హార్లిస్ పాడటం మానేశాడు.

"ఎందుకట్టా నా రొమ్ముకేసి సూస్తా పాడతన్నావు?"

ఆమె చప్పున కళ్లు తిప్పుకుంది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. పాటల విషయంలో ఆయన్ని మభ్యపెట్టడం ఎవరి వల్లా కాదు.

"ఓహో," అన్నాడు. గాలి తీసుకున్నాడు. "అదా. ఆరోజు ఫోన్లో... అందుకా అడిగావు."

"కాదు నాన్నా. నీ పాట..."

"ఇన్నేళ్లూ నా పాట వంకర అన్నారే... అందరూ." మళ్లీ గాలి. "పాటలో ఏం లేదన్నమాట. అది నా రోగం."

"అట్టా అనొద్దు. అది నీ పాటే. నాకు పాటంటే అదే. ఒట్టు." ఆమె ఏడుస్తోంది. ఆ ఒట్టు నిజమే గానీ, బ్లేడుతో కోయించిన మనిషి వేసిన ఒట్టు. ఆ సంగతి ఆయనకి తెలియదు, ఆమెకి తెలుసు. ఆమె తన చెయ్యి పట్టుకుంటే ఆయన వదిలించుకోలేదు. పట్టుకోనూ లేదు.

"ఏడవమాక. ఇప్పుడేమైందని?" అన్నాడు కాసేపటికి. "నువ్వు పాడు. తిన్నంగానే పాడు, అదే బాగుంది. నేను ఇంటా."

"నువ్వు కూడా..."

"నేను ఇంటా అన్నాగా."

ఆమె పాడింది. ఇంకేం చేయాలో తెలియక పాడింది. నాష్‌విల్‌లో దొరికిన గొంతుతో, పక్కన కూచున్నవాడి చెవిలో చెప్పినట్టు, ఎక్కడా ఆగకుండా చివరిదాకా పాడింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. పెదాలు కదల్లేదు. కుర్చీ చేతిమీద తాళం వేసే వేళ్లు దుప్పటి మీద ఊరికే పడి ఉన్నాయి. పాట అయిపోయాక ఆయన తల ఊపి, శానా బాగుందన్నాడు, రేడియోలో విన్నవాళ్లెవరైనా అనే మాటే.